అద్దంలోంచి వచ్చేది ఎండ కాదు

రెండు వేల మూడో సంవత్సరం ఎండాకాలంలో నేను హిందూపురం వైపు ఫారెస్టరుగా పనిచేస్తున్నాను. గార్డుగా చేరి, పదోన్నతి మీద ఆ హోదాకు వచ్చినవాణ్ణి. ఫారెస్టరంటే కొన్ని బీట్ల మీద అజమాయిషీ. పైన రేంజ్ ఆఫీసరు, కింద గార్డులు, వాచర్లు. నా బడి చదువు ఎనిమిదితో ఆగింది. మిగతాదంతా పాత కాగితాల అంగట్లో తూకానికి కొన్న పుస్తకాలూ, ఒక నిఘంటువూ నేర్పినవే. అందుకే తెలిసిన మాట చెప్పడానికి నేనెప్పుడూ జంకలేదు.

ఆ వేసవిలో లేపాక్షి నంది దగ్గర ఒక మనిషి ఊసరవెల్లి పిల్లను కర్రపుల్ల మీద కూర్చోబెట్టి టూరిస్టులకు అమ్మజూపుతుంటే పట్టుకున్నాం. "ఇంట్లో పెట్టుకోండి సార్, దోమల్ని తింటాది, ఒక మూల పడుంటాది" అని బేరం చెబుతున్నాడు. మన అడవి ఊసరవెల్లిని పట్టడం, అమ్మడం, పెంచుకోవడం మూడూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరాలే. పంచనామా రాశాం. ప్రాణమున్న జంతువు దొరికితే అది కేసు ప్రాపర్టీ అవుతుంది. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చేదాకా దాన్ని బతికించి చూపించే పూచీ పట్టుకున్న అధికారిది. ఆ అధికారిని నేనే. వాయిదా సోమవారానికి పడింది.

పిల్ల చూపుడువేలంత ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు కనిపిస్తున్నాయి, కళ్ళు గుంటలు పడ్డాయి. ఊసరవెల్లి కళ్ళు గుంట పడ్డాయంటే ఒంట్లో నీళ్ళు లేవని అర్థం. బెయిలు మీద పోతూ ముద్దాయి మా ఆఫీసు మెట్ల మీద నిలబడి, "నా కాడ ఉన్నన్నాళ్ళు బాగనే ఉండె. మీ ఆఫీసులో సచ్చిపోతాది సూడు సార్. అప్పుడు కేసు ఎవరి మింద పెడతారో నేనూ సూస్తా" అన్నాడు. అది చస్తే నాకు మెమో వస్తుంది. మెమో కంటే వాడి నోటిమాట నెగ్గుతుందన్న ఆలోచనే నన్ను ఎక్కువ మండించింది.

మర్నాడు బీటు తిరిగి వచ్చి చూద్దును కదా, పిల్లను చేపల అద్దాల పెట్టెలో వేసి కిటికీలో పెట్టారు. పైన రాత్రంతా వెలిగిన బల్బు. లోపల ఒక గిన్నెలో నీళ్ళు, పక్కన ఇంకో గిన్నెలో పాలు. పిల్ల నల్లబడి ఒక మూల పడి ఉంది.

"ఏమప్పా ఇది?" అని మా వాచరు హనుమంతును అడిగాను.

"పాలు సార్. మా ఆడమనిషి పంపించినాది. పుట్టలో పోస్తాం కదా, ఇదీ ఆ జాతే అని."

"పుట్టలో పాము పాలు తాగేది నువ్వు సూసినావా?"

"నేను యాడ సూస్తా సార్. పోసేసి ఇంటికొస్తాం."

ఇన్నేళ్ళయినా ఆ పాలగిన్నె గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చిరుతపులికీ ఎలుగుబంటికీ సర్క్యులర్లు పంపిన శాఖ ఈ ప్రాణి గురించి ఒక్క ముక్క రాసి పంపలేదు. రేంజ్ ఆఫీసరు గారు మంచివారే. ఎండ బాగా తగలాలని తానే కిటికీలో పెట్టించానన్నారు. అద్దంలోంచి వచ్చేది ఎండ కాదు సార్, వేడి మాత్రమే అన్నాను. ఎముకను గట్టిపరిచే కిరణాన్ని అద్దం ఆపేస్తుంది. ఆ కిరణం తగలకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఒంటబట్టదు. ఎదిగే పిల్లకు కాళ్ళు వంకర పోతాయి. ఆయన, అయితే సోమవారం దాకా నీ ఇష్టం, కోర్టుకు జవాబు కూడా నువ్వే చెప్పుకోవాలి అన్నారు.

ఇంట్లో పాలూ పెరుగూ పెట్టుకునే పాత జాలీ పెట్టె తెచ్చాను. దానికి నాలుగు పక్కలా గాలి ఆడుతుంది. లోపల ఆకులున్న కొమ్మలు అడ్డంగా కట్టి, తూర్పు వరండాలో పెట్టి, సగానికి తడి గోనె కప్పాను. పొద్దుటెండలో పిల్ల ఒళ్ళు చదును చేసి ముదురు రంగుకు తిరిగితే ఎండ కావాలని అర్థం. తెల్లబడి నోరు తెరిస్తే చాలని అర్థం. అప్పుడు గోనె నీడలోకి అదే నడిచిపోవాలి, మనం మోయకూడదు. పార్టీ మార్చిన ప్రతివాడికీ దీని పేరు పెడతారు మా జిల్లాలో. ఈ ప్రాణికి అంతకంటే అవమానం లేదు.

నీళ్ళు అది గిన్నెలో తాగదు. నిలిచిన నీళ్ళు దాని కంటికి నీళ్ళే కావు. గార్డుగా ఉన్నప్పుడు తెల్లవారుజామున తంగేడు పొదల్లో అవి ఆకుల మీది మంచు చప్పరించడం చూశాను. అందుకని కడిగిన సెలైను సీసా పైన వేలాడదీసి, చుక్క చుక్కగా ఆకుల మీద పడేటట్టు గొట్టం తిప్పాను. కాసేపటికి పిల్ల మెల్లగా వచ్చి ఆకు అంచు నోట పట్టుకుంది. బల్బు తీసేయించాను. రాత్రి దానికి చీకటి కావాలి.

ఇప్పటికీ విదేశీ రకాలు పెంచేవాళ్ళు బెంగుళూరు నుంచి ఫోను చేసి అడుగుతుంటారు. వాళ్ళకూ ఇదే చెబుతాను. ఎండ తగలని ఇంట్లో వేడి బల్బు వేరు, అతినీలలోహిత ట్యూబు వేరు. ఒకటి ఒంటికి, ఒకటి ఎముకకు. బల్బు కింది కొమ్మ మీద మీ చెయ్యి పెట్టి చూడండి, మీకు చురుక్కుమంటే దానికీ అంతే. పొద్దుగూకితే రెండూ ఆర్పండి.

ఇక మేత. కదిలే పురుగునే అది చూస్తుంది. ఆ పురుగు దాని రెండు కళ్ళ మధ్య ఎడం కంటే పెద్దది కాకూడదు. వానలు తప్పిన ఏడు కావడంతో బీళ్ళలో మిడత అన్నది లేదు. హనుమంతు బోరు కింది వేరుశనగ చేలోనుంచి కొన్ని పట్టుకొచ్చాడు. వాసన చూసి పారేయించాను. మందు కొట్టిన చేను అది. అప్పుడు తోచింది: ఈ కరువులో మందు తగలని పచ్చ ఆకు ఒక్కటే ఉంది, మల్బరీ. మందు కొడితే పట్టుపురుగు చస్తుంది కాబట్టి ఏ రైతూ కొట్టడు.

దగ్గరి ఊళ్ళో పట్టుపురుగులు పెంచే నరసమ్మ దగ్గరికి పోయాను. ఆ ఇళ్ళలో పరాయివాణ్ణి పురుగుల గదిలోకి రానివ్వరు. గడప బయటే నిలబెట్టింది.

"మా బిడ్డల్ని తొండకు మేత ఏస్తావా అన్నా? నీకు సేతులెట్లా వస్తాయి?"

"తొండ కాదక్కా, ఊసరవెల్లి."

"ఏదైతే ఏమి? గోడ మింద బల్లి కనపడితేనే మేము తట్టలన్నీ కడుగుతాం."

పురుగు పొర విడిచే దశను అక్కడ జ్వరమంటారు. రెండో జ్వరం నుంచి అన్నిటితోపాటు లేవనివాటిని ఎట్లాగూ ఏరి పారేస్తారు కదా, రోగం లేనివి చూసి అవే ఇమ్మన్నాను.

"పారేసేది వేరు, నోటికిచ్చేది వేరు," అంది. మళ్ళీ తనే, "బతికితే దాన్ని యాడ ఇడుస్తావు?" అని అడిగింది.

"కొండ మింద."

"మా తోట పక్క ఇడిసినావంటే మాత్రం ఫారెస్టు అని కూడా సూడను," అని ఆకు పొట్లంలో కట్టి తెచ్చి ఇచ్చింది.

శనివారమంతా పిల్ల ముట్టలేదు. పురుగు ఆకు మీద కదలకుండా తింటూ కూర్చుంటే దీనికి కనపడదు. ఆదివారం పొద్దున పురుగుకు కాల్షియం మాత్ర పొడి అద్ది, ఆకు లేని పుల్ల మీద పెట్టాను. ఆకు కోసం అది తల ఎత్తి ఊపడం మొదలుపెట్టింది. ఊసరవెల్లి కళ్ళు రెండూ ముందుకు తిరిగి ఒకచోట నిలిచాయి. నాలుక పోయిందీ వచ్చిందీ తెలియలేదు. పుల్ల ఖాళీ అయింది. హనుమంతు రెండడుగులు వెనక్కి వేసి, "అమ్మో, ఇది మనిషి మింద ఇసిరితే సార్?" అన్నాడు. మనిషి పురుగంత ఉంటే విసురుతుందిలే అన్నాను.

సోమవారం జాలీ పెట్టెకు గుడ్డ కప్పి కోర్టుకు తీసుకుపోయాను. ముద్దాయి తరపు వకీలు రెండు మాటలు చెప్పారు. ఈ ప్రాణితో తన క్లయింటుకు సంబంధమే లేదు. పైగా శాఖవాళ్ళ చేతిలో అది చావుకు దగ్గరపడింది, చూడండి, కదలడం లేదు. నిజమే, కొమ్మను పట్టుకుని రాయిలా ఉంది. అది చల్లబడి ఉందనీ, ఎండ తగలందే మేత ముట్టదనీ, వరండాలోకి రానిస్తే చూపిస్తాననీ విన్నవించాను. మేజిస్ట్రేటు గారు లేచి వచ్చారు. వెనక వకీలు, ముద్దాయి, బంట్రోతు.

అందరినీ దూరంగా నిలబెట్టాను. పిల్ల ఒళ్ళు చదును చేసి ఎండ పట్టింది. చాలాసేపు ఏమీ కాలేదు. వకీలు గారు గడియారం చూసుకున్నారు. నేను పుల్ల చాపాను. పురుగు తల ఊపింది. టప్‌మని చిన్న చప్పుడు.

అందరికంటే ముందు ముద్దాయే నోరు తెరిచాడు. "నా కాడ ఒక్కనాడన్నా ఇట్లా తినలేదు సార్ ఇది," అన్నాడు.

వకీలు గారు కళ్ళు మూసుకున్నారు. ఆ మాట రాసుకొమ్మని మేజిస్ట్రేటు గారు బెంచి క్లర్కుకు చెప్పారు. ముద్దాయికి జరిమానా, ప్రాణిని అడవిలో వదలమని నాకు ఉత్తర్వు. ఆ సాయంత్రమే నరసమ్మ తోటకు దూరంగా, కొండ మీద తంగేడు పొదలో వదిలాను. అది వెనక్కి చూడలేదు. చూడాల్సిన పనీ లేదు.

ఆ కేసు నేర్పింది ఇంతే. ఆ అద్దాల పెట్టెలో వెలుగుంది, వేడి ఉంది, నీళ్ళున్నాయి, పాలు కూడా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆ ప్రాణి పుచ్చుకునే తీరులో లేదు. అన్నీ పెట్టామనుకుని చంపడం చాలా తేలిక.