జరీలో నిలబడ్డ అక్షరాలు

మొన్న మనవరాలి పెళ్ళిపత్రిక అచ్చుకివ్వడానికి హిందూపురం వెళ్ళినప్పుడు, కంప్యూటరు ముందు కూర్చున్న ఆపరేటరు ఒకదాని తర్వాత ఒకటిగా తెలుగు అక్షరాల రకాలు చూపిస్తుంటే, సన్నటివీ వంకరవీ చూసి చూసి విసుగొచ్చి కళ్ళద్దాలు తుడుచుకుంటున్న నేను ఒక్కసారిగా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తెర మీద లావుపాటి అక్షరాలు, గీత ఒకపక్క బలంగా, మరోపక్క సన్నగా, చివరల్లో చిన్న చిన్న పాదాలు పెట్టుకుని ఠీవిగా ఉన్నాయి. "ఏమవ్వా, ఇది నచ్చినాదా?" అని అతను నవ్వాడు. నచ్చడమేమిటి, నా పద్దెనిమిదో ఏడు ఎదురొచ్చి పలకరించినట్టయింది!

ధర్మవరంలో మా నాయన పట్టుచీరలకు గ్రాఫు గీసేవాడు. మగ్గమెక్కాల్సింది నెమలైనా మామిడిపిందైనా ముందు గడుల కాగితం మీద గడిగడిగా నింపాలి. ఆ గడులను చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద తిరుగుతుంటే జరీ తేలాల్సిన చోట తేలుతుంది. నాయన గీస్తే గడులు నింపడం నా పని. గీయడం మాత్రం ఆడపిల్లల పని కాదని మగ్గాల యజమాని ఏదో శాస్త్రంలో రాసిపెట్టినట్టు చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండేది. నాయన మాత్రం ఆయన ముందు ఏనాడూ నోరెత్తేవాడు కాదు.

ఆ రోజుల్లోనే ఒకసారి హిందూపురంలో మేనమామ ఇంటికి వెళ్ళి, పట్టుగూళ్ళ మార్కెట్టు దారిలో గోడ మీద ఒక నాటకం పోస్టరు చూశాను. నాటకం సంగతి నాకెందుకు, మొన్న తెర మీద చూసినలాంటివే, పాదాలు పెట్టుకున్న ఆ లావుపాటి అక్షరాలు! రోడ్డుకు అటువైపు నుంచి కూడా పిలుస్తున్నాయి. అత్త చెయ్యి పట్టి లాగుతున్నా కదల్లేదు. నా పోరు పడలేక మేనమామ అచ్చాఫీసులో అడిగి మిగిలిన పోస్టరొకటి తెచ్చిచ్చాడు. తిరుగు ప్రయాణంలో రైలు పెనుకొండ దాటేదాకా దాన్ని ఒళ్ళో పరుచుకుని చూస్తూనే ఉన్నాను; ఎదుటి సీటు పెద్దాయన నాకు నాటకాల పిచ్చి అనుకుని, తాను చిన్నప్పుడు వేసిన వేషాలన్నీ ఏకరువు పెట్టాడు.

అదృష్టం చూడండి, ఆ నెలలోనే పెనుకొండ నుంచి ఒక పెద్ద రైతు కుటుంబం వచ్చి, పెళ్ళికూతురి పేరు చీర కొంగు మీద జరీతో నేయాలని అడిగింది. ఇప్పుడైతే అది మామూలే గానీ, అప్పటికి మా వీధిలో ఎవరూ అలా నేసి ఎరగరు. నాయన అక్షరాల జోలికి ఎప్పుడూ పోలేదు. నేను గీస్తానన్నాను. యజమాని నన్ను ఎగాదిగా చూసి నాయనతో, "సరేలేప్పా, గీయనీ. అక్షరాలు కుదిరితే నీ పక్కన ఈ పాపకూ ఒక బల్ల ఏపిస్తా. కుదరల్యా, మళ్ళీ గీత మాట ఎత్తగూడదు" అన్నాడు.

పోస్టరులోని అందమంతా గడుల్లోకి దించాను. మగ్గం నేసే మా పెద్దమ్మ మొదటి మచ్చు నేసి కేకేస్తే పరుగెత్తుకుని వెళ్ళాను. ఒక్క గడి వెడల్పున గీసిన సన్నగీతలు పట్టులో మునిగిపోయి, లావుముక్కలు మాత్రం దేనికదిగా మిగిలాయి. పెద్దమ్మకు చదువు రాదు. "పేరు యాడుండాదే పాపా? నాకు రాళ్ళు పేర్చినట్టుండాది" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా వేలు పట్టుకుని జరీ మీద తడిమించి, "కాగితం మీద చూసి మురిస్తే ఎట్లా? జరీకి కాలు మోపేంత చోటుండల్ల. మూడు పోగులన్నా లేంది ఈడ గీత నిలబడదు" అంది.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ కూర్చున్నాను. సన్నగీతకు మూడు గడులు, లావుగీతకు తొమ్మిది ఇచ్చాను. గుండ్రటి వంపులు గడుల్లో మెట్లుమెట్లుగా వస్తాయి కదా, ఆ మెట్లను దాచాలన్న తాపత్రయం మానేసి పాదాలకు కూడా అవే మెట్లు పెట్టాను. చీర అంచులోని గోపురాలకూ వాటికీ చక్కగా జోడీ కుదిరింది! రెండో మచ్చు దిగాక పెద్దమ్మ అక్షరం వెంట వేలు పెట్టి చివరిదాకా పోయి, ఎక్కడా తెగలేదని నవ్వింది. పెళ్ళీడుకొచ్చిన దాన్నన్న సిగ్గు కూడా లేకుండా నేను మగ్గం చుట్టూ గంతులేశాను.

పెనుకొండ పెళ్ళిలో ఆడవాళ్ళంతా ఆ కొంగును చేతుల్లోకి తీసుకుని చదివారట. ఇక మా వీధికి పేర్ల చీరలు అడిగేవాళ్ళు రావడం మొదలైంది. యజమాని మాట ప్రకారం బల్ల వేయించాడు గానీ, ఎవరొచ్చి అడిగినా అక్షరాలు మా నాయన గీసినవనే చెప్పేవాడు. నేను తల వంచుకుని గడులు మరింత గట్టిగా నింపేదాన్ని. కొన్నాళ్ళకు పెనుకొండ వాళ్ళు రెండో కూతురి చీర కోసం వచ్చి, యజమాని ఎదుటే నాయనకు తాంబూలం ఇవ్వబోయారు. నాయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "నేను కాదప్పా, నా బిడ్డ గీసింది. దానికియ్యండి" అన్నాడు. గొంతు వణికింది. యజమాని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత నా అక్షరాలు చీరల పెట్టెల మీదికీ, దుకాణాల బోర్డుల మీదికీ, ఆఖరికి ధర్మవరం గోడల మీదికీ ఎక్కాయి. ఇప్పుడు అక్షరాలు వందల రకాలు, వేలు కదిపితే చాలు వచ్చేస్తాయి. వాటిని గీయడానికి కూర్చున్న ఆడపిల్లను నీకెందుకని అడిగేవాళ్ళు లేరు, ఆమె తరఫున ఎవరూ నోరు విప్పాల్సిన పనీ లేదు. ఎంత మంచి కాలం! అయినా, ఆ ఒక్క మాట అనడానికి మా నాయన ఎన్నాళ్ళు ధైర్యం కూడగట్టుకున్నాడో తలుచుకుంటే, ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని ఆ మాటను ఆ వణికే గొంతుతో ఇంకొక్కసారి వినాలనిపిస్తుంది.