గాలి ఆగిన అరగంట

మొన్న మధ్యాహ్నం కూర్మన్నపాలెంలో మా డాబా మీద ఆరేసిన దుప్పట్లు పొద్దుటినుంచీ పటపటా కొట్టుకుని, ఉన్నట్టుండి కదలడం మానేశాయి. "హమ్మయ్య, వాయుగుండం దాటిపోయినట్టుంది" అంది మా ఆవిడ. అందరికీ గాలి వీస్తే భయం, నాకు అది ఆగితే భయం. ఈ రోగం నాకు ఖాదర్ గారు అంటించారు.

డెబ్బైల చివర్లో ఆయన నా పైఅధికారి. వన్‌టౌన్‌లో తాళాలు బాగుచేసేవాళ్ళ ఇంటి మనిషి. సముద్రం పక్కన గుట్ట మీద మాదో చిన్న సిగ్నల్ గది. తుఫాను వస్తోందని తంతి రాగానే పెద్ద స్తంభానికి నల్లటి గుర్తులు ఎగరేయాలి. కింద జాలరిపేట వాళ్ళు అవి చూసి పడవలు ఒడ్డుకు లాక్కునేవారు. ఇది జీతానికి చేసే పని. ఖాదర్ గారికి జీతం లేని పని ఇంకొకటి ఉండేది. సెలవు రోజున పేటల వెంట తిరిగి, ముసలమ్మల పక్కన కూర్చుని, పాత తుఫాన్లలో ఎవరెవరు పోయారో అడిగి పుస్తకంలో రాసుకునేవారు. పేరు, ఎక్కడ పోయాడు, దేనికోసం వెళ్ళాడు. "ఆవు కోసం." "వల కోసం." "తలుపు గెడ పెట్టడానికి." పేజీల నిండా ఇవే.

"చచ్చినవాళ్ళ చిట్టా మనకెందుకు సార్?" అని ఒకసారి వెటకారం చేశాను.

ఆయన కోప్పడలేదు. "సూరిబాబూ, సూడు. వీళ్ళల్లో సగంమంది గాలి ఆగినాక బయటికొచ్చి పోయినోళ్ళే. తుఫాను నడిమజ్జన ఓ అరగంట గాలుండదు, ఎండ కూడా కాత్తాది. అది టీకెళ్ళినాది బాబూ, మళ్ళీ డూటీకొత్తాది. ఈసారి అటేపునించి" అన్నారు. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

దివిసీమ ఉప్పెన తరవాత కొన్నేళ్ళకు అలాంటి తుఫానే మా మీదికి వచ్చింది. తెల్లవారినప్పటినుంచీ ఉత్తరపు గాలి మా గది రేకుల్ని పీకేస్తోంది. మధ్యాహ్నానికి ఒక్కసారిగా ఆగింది. మబ్బు విడి ఎండ వచ్చింది. ఖాదర్ గారు లోపల నమాజుకు నిలబడుతూ, "ఎవులడిగినా ఆగమను. ఇంకో మాట సెప్పకు" అని మరీ చెప్పారు.

అప్పుడే జాలరిపేట నూకరాజు రొప్పుకుంటూ గుట్టెక్కి వచ్చాడు. నా ఈడువాడే, కిందటేడే పెళ్ళయింది. "తగ్గిపోనాదేటి బాబూ? తాడు తెగిపోయేలాగుంది, పడవ పైకి లాక్కుంటాం" అన్నాడు.

నేను ఆకాశం కేసి చూశాను. బారోమీటర్ చూడలేదు. స్తంభం మీద గుర్తులు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి, వాటినీ చూడలేదు. పెద్ద తెలిసినవాడిలా, "తగ్గింది, వెళ్ళు" అన్నాను.

నమాజు ముగించుకుని వచ్చిన ఖాదర్ గారికి కింద ఒడ్డున ఆరుగురు మనుషులు కనబడ్డారు. ఆయన చెప్పులైనా వేసుకోకుండా రాళ్ళ మీంచి పరుగెత్తారు. వెనకే నేనూ. "ఒగ్గీయండి! పడవ ఒగ్గీసి రండ్రా!" అని ఆయన గొంతు చించుకుంటుంటే ఐదుగురు కదిలారు. నూకరాజు తాడు నడుముకి చుట్టుకుని ఉన్నాడు. ముడి విప్పుతుండగానే దక్షిణంనుంచి గాలి విరుచుకుపడింది. పడవతో పాటే వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తరవాత ఖాదర్ గారు పుస్తకం నా ముందు పెట్టారు. నూకరాజు. ఒడ్డున. పడవ కోసం. రాసి కలం మూయబోయాను. "ఇంకో ముక్క ఉంది కదా" అన్నారు. "తగ్గిందని నేను చెప్పాను" అని రాశాను. ఆయన తిట్టలేదు, పైకి చెప్పి నా ఉద్యోగం తీయించలేదు. "పుస్తకానికి సెప్పీసినావు. ఇప్పుడెళ్ళి ఆ యమ్మకి సెప్పు" అన్నారు అంతే.

వెళ్ళాను. నూకరాజు భార్య పోలమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది, నిండు నెలలు. నన్ను చూసి లేవబోయింది. "నువ్వు ఎల్లొద్దనే ఉంటావు బాబూ. నా మొగుడే ఇని ఉండడు, మొండోడు" అని భోరుమంది. నిజం చెప్పకుండానే తల వంచుకుని వచ్చేశాను.

ఎనభైల చివర్లో మంచం పట్టినప్పుడు కూడా ఖాదర్ గారు నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "సెప్పినావా?" "ఈ వారంలో చెప్తానండీ" అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు. ఆ వారంలోనే పోయారు. నా నుంచి ఆయనకు మిగిలిన ఆఖరి మాట ఒక అబద్ధం.

తెలియకుండా ఎవరికీ భరోసా ఇవ్వకూడదని ఆయన దగ్గర నేర్చుకున్నాను. రెండోది నేర్చుకోలేకపోయాను. గాలి లేచినప్పుడల్లా పోలమ్మ ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తుంది. "నువ్వు సెప్తేగానీ మా గుంటడ్ని సంద్రంలోకి ఒగ్గను" అంటుంది. ఆనాడు కడుపులో ఉన్న ఆ గుంటడికి నలభై దాటాయి. మొన్నా చేసింది. "ఆగమ్మా, నేను చెప్పేదాకా పంపకు" అన్నాను. "నీ మాటే మాట బాబూ" అని, నేను ఫోన్ పెట్టేయకపోవడంతో, "ఇంకేటి?" అని అడిగింది.

"ఏం లేదమ్మా" అన్నాను.