ఎలుకల నర్సమ్మగారు

మొన్న మంగళవారం పొద్దున నేను బట్టలు ఆరేస్తుంటే నర్సమ్మగారి తమ్ముడు పిట్టగోడ అవతలి నుంచి, “అక్క పోయిందండీ” అన్నాడు. నిద్రలోనే పోయారట. మచిలీపట్నంలో పదకొండేళ్లుగా మావి పక్కపక్క ఇళ్లు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు కాబట్టి వీధికంతా ఆవిడ నర్సమ్మగారే. తర్వాత ఎలుకల నర్సమ్మగారయ్యారు. కబురు వినగానే నాకు మొదట తోచింది, ఆ పేరు నాకు రావాల్సిందని. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఎలుకల్ని ముందు తెచ్చింది నేను. కోనేరు సెంటర్ దగ్గర రంగు చేపలమ్మే కొట్టువాళ్లు కొట్టు మూసేసి వెళ్లిపోతూ, ఆరు తెల్ల ఎలుకలున్న బోనును మెట్ల మీద వదిలేశారు. చూడలేక ఇంటికి తెచ్చుకున్నాను. వారం తిరక్కుండానే మా అమ్మాయి కాన్పుకని గుడివాడ వెళ్లాల్సొచ్చి, వాటిని నర్సమ్మగారికి అప్పగించాను. నెల తర్వాత తిరిగొస్తే అవి ఆవిడ చీర కుచ్చిళ్లలో దూరి ఆడుకుంటున్నాయి. నేను చెయ్యి చాపితే వెనక్కి తగ్గాయి.

“నాలుగు రోజులు కూర్చుంటే మళ్లీ మీకు అలవాటవుతాయిలెండి,” అన్నారావిడ.

“పర్లేదు, మీ దగ్గరే ఉండనివ్వండి,” అని ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోమాను.

ఆ ఆరింటికీ ఇళ్లు వెతికింది ఆవిడే. పిల్లలు ముచ్చటపడి కొనుక్కుంటే పెద్దవాళ్లు వద్దన్నవన్నీ ఆ తర్వాత ఆవిడ గడపకే చేరాయి. ఉడికించిన బఠాణీలు ఒక్కొక్కటే చిదిమి పెట్టేవారు. జత విడదీసి ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఎవరైనా పెంచుకుంటామంటే బస్సెక్కి వాళ్లింటికి వెళ్లి చూసొచ్చేవారు. వరి పండే ఊళ్లు మావి, ఎలుక అంటే మందు పెట్టి చంపేదే. అందుకే ఆవిడ మొదట అడిగేది, “మందు ఎక్కడ పెడతారండీ?” అని. జవాబు నచ్చకపోతే వాళ్లిచ్చిన కాఫీ తాగి వచ్చేసేవారు. “ఇవ్వడం ఎంతసేపండీ, ఇచ్చాక మనం స్థిమితంగా ఉండాలి కదా,” అనేవారు.

నాకది అతిగా అనిపించేది. అసలు సంగతి, అందరూ ఆవిణ్ణే అడగడం నేను భరించలేకపోయేదాన్ని. ఒకరోజు ఆవిడ కంటి పరీక్షకు వెళ్తూ ఎలుకల్ని కాస్త చూడమని తాళం నాకిచ్చారు. ఆ మధ్యాహ్నం పెదపారుపూడి నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చి అడిగితే, ఒక జతను నేనే ఇచ్చేశాను. వాళ్ల ఇల్లు చూడలేదు. ఒక్క ఇంట్లోనైనా నా పేరు చెప్పుకోవాలన్న ఆశ. ఐదో రోజు కబురొచ్చింది. బోను గడియ సరిగా పడక ఒకటి ధాన్యం బస్తాల దగ్గరికి వెళ్లి, అక్కడున్న మందు తిని చచ్చిపోయింది.

ఇద్దరం వెళ్లి రెండోదాన్ని తెచ్చాం. గుడివాడ బస్టాండులో ఆవిడ అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని, “నేనూ ఒకదాన్ని చంపుకున్నానండీ. కిటికీలో పెట్టి, ఎండ మళ్లేది చూసుకోలేదు,” అన్నారు. నన్ను తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. అంత మంచితనం నాకెందుకు లేదని ఆవిడ మీద ఇంకా కుళ్లుకున్నాను.

మిగిలినదానికి తోడు కుదిరేందుకు నెల పట్టింది. ఆ నెలంతా రోజూ సాయంత్రం నన్ను పిలిచి, దాన్ని నా ఒళ్లో పెట్టి, తాను వంటింట్లోకి వెళ్లిపోయేవారు. అది నా బొటనవేలు నాకడం మొదలుపెట్టాక గానీ ఇవతలికి వచ్చేవారు కాదు. పని నా మీద వేసి తప్పించుకుంటున్నారనుకున్నాను. అది దయ అని ఇప్పుడు తెలుస్తోంది.

ఆవిడ పోయిన మూడో రోజు పలకరించడానికి నాగాయలంక నుంచి చేపలమ్మే ఒకామె వచ్చింది. పైట కింద, భుజం మీద గోధుమరంగు ఎలుక ముడుచుకుని ఉంది.

“పక్కింటావిడ మీరేనాండీ?” అని అడిగింది.

అవునన్నాను.

“ఫోన్లో ఆవిడ ఎప్పుడూ ‘మేం’ అనేవారండీ. ‘మేం పెంచాం, మేం వచ్చి చూస్తాం’ అని. వచ్చినప్పుడేమో ఒక్కరే వచ్చేవారు. ఆ రెండో మనిషి ఎవరా అనుకునేదాన్ని.”

ఆ మాట నా ఎదుట ఆవిడ ఒక్కసారీ అనలేదు. నాకంటే ముందు విన్నందుకు ఆ చేపలామె మీదా అసూయ కలిగింది. ఏడుపు అప్పుడొచ్చింది.

అవనిగడ్డ బస్సుకి వేళయిందని ఆమె లేచింది. గేటు దగ్గర నిలబడి చూశాను. వీధి మలుపు తిరిగేదాకా, ఆమె వీపు మీద పైట అంచు కిందనుంచి సన్నటి తోక ఒకటి అటూ ఇటూ ఊగుతూ వెళ్లింది.