నేను నేర్పిన నలభై వాక్యాలు

రెండువేల అయిదు, మార్చి నెల. మధ్యాహ్నం రెండు గంటలకు మన్ననూర్ దాటి అడవిలో ఉన్న క్యాంపు ముందు ట్రక్కు దిగాను. చేతిలో ఇనుప పెట్టె, భుజాన రైఫిల్, రెండు నీళ్ల సీసాలు. ఒకటి అప్పటికే ఖాళీ. టేకు ఆకులు రాలి, అడుగు వేస్తే చాలు చప్పుడు. మా కంపెనీలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మాది గద్వాల దగ్గర పల్లె. పన్నెండేళ్లు సరిహద్దుల్లో తిరిగాక ఇంటికి ఒక పూట బస్సు ప్రయాణం దూరంలో డ్యూటీ పడింది. సంతోషం వేసిందని చెప్పను. అప్పటికే అలసిపోయి ఉన్నాను.

కమాండర్ సాబ్ నా ముందు ఒక పుస్తకం పడేశాడు. పైనుంచి వచ్చిన హిందీ-తెలుగు వాచకం. "నెలన్నరలో మనవాళ్లందరికీ తెలుగు రావాలి. నేర్పు," అన్నాడు.

తెరిచి చూస్తే 'తమరు ఎచ్చట నుండి విచ్చేయుచున్నారు?' అని ఉంది. మా వంటవాడు ఉత్సాహం ఆపుకోలేక తేనె అమ్మవచ్చిన ముసలాయన్ని అలాగే అడిగాడు. ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "గీ సారుది ఏ ఊరు బిడ్డా? నాటకాలల్ల ఏస్తడా ఏంది?" అని నన్నడిగాడు.

ఆ పుస్తకం పక్కన పెట్టి నేనే ఒకటి రాశాను. రెండు వందల పేజీల నోట్‌బుక్కు. ఎడమవైపు హిందీ. కుడివైపు మా పాలమూరు మాట, హిందీ అక్షరాల్లో. మొత్తం నలభై వాక్యాలు. 'ఏమైందమ్మా?' 'యాడికెళ్లి వస్తున్నరు?' 'ఎంతమంది ఉన్నరు?' 'మంచిది, పోయి రాండి.' రోజూ ఉదయం ఆరున్నరకు, పీటీ అయ్యాక అరగంట పాఠం. యాస తప్పితే పదిసార్లు అనిపించేవాణ్ణి. అందరిలోకీ గేటు దగ్గరి సంత్రీ గట్టివాడు. బీహారువాడు, ఇద్దరు పిల్లల తండ్రి. రైఫిల్ తుడుస్తూ కూడా వల్లె వేసేవాడు. నెలన్నర తిరిగేసరికి, కళ్లు మూసుకుని వింటే తెలకపల్లి రైతే మాట్లాడుతున్నాడనిపించేది. నాకు గర్వం తలకెక్కింది. దాచుకోను.

ఒక్కటి మాత్రం నాకు తట్టలేదు. నలభైలో ఎక్కువ అడిగే మాటలే. ఎదుటివాళ్లు చెప్పేది అర్థం చేసుకోవడానికి ఒక్క పాఠమూ రాయలేదు. జవాబులకు నేనున్నాను కదా అనుకున్నాను.

మే నెలలో ఒక బుధవారం. పొద్దున్నే బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోయాను, ఆ నోట్‌బుక్కు జిరాక్స్ కాపీల కోసమే. కమాండర్ సాబ్ గస్తీకి పోయాడు. జీపు, డ్రైవర్ క్యాంపులోనే ఉన్నారు. నేను తిరిగొచ్చేసరికి మూడు ముప్పావు. సంత్రీ ముఖం వెలిగిపోతోంది.

"ఉస్తాద్, ఇవాళ ఒకావిడతో పది నిమిషాలు తెలుగులో మాట్లాడాను. ఒక్క తప్పు లేదు," అన్నాడు హిందీలో.

"ఏం చెప్పింది?"

"అది తెలియదు. గబగబా చాలా చెప్పింది. జీపు చూపించింది. ఎంతమంది ఉన్నారని అడిగితే నాలుగు వేళ్లు చూపింది. చివర 'మంచిది, పోయి రాండి' అన్నాను. దండం పెట్టి పెంట వైపు, ఆ చెంచుల గూడేనికి పోయింది."

"ఎన్నింటికి?"

"పదిన్నర."

జీపు చూపించిందంటే ఎవరికో బండి కావాలి. డ్రైవర్‌ను లేపాను. సంత్రీ తన డ్యూటీ వంటవాడికి అప్పగించి మా వెంట ఎక్కాడు. వైర్‌లెస్ ఆపరేటర్ గస్తీకి కబురు చెప్పాడు.

"జీపు చెంచుల పెంట వైపు పోతోంది. ఓవర్."

"కారణం? ఓవర్."

"తెలియదు. ఉస్తాద్ అడుగుతున్నాడు. ఓవర్."

"పోనివ్వు."

నాలుగు కిలోమీటర్లు. తారు రోడ్డు దిగి బాటలో కొంచెం లోపలికి పోగానే చెట్టు కింద ఆమె కనిపించింది. పక్కన గొంగడి మీద భర్త. పెంటవాళ్లు ముగ్గురు కొంచెం దూరంలో కూర్చున్నారు. ముట్టుకుని చూశాను. ఒళ్లు చల్లబడింది.

"తెల్లారంగ కొండకు తేనె కోయబోయి, తాడు తెగి పడ్డడు," అందామె. "మీ సారుకు అంత చెప్పిన. ఎంతమంది ఉన్నరని అడిగిండు, నలుగురం ఉన్నమన్న. మంచిది, పోయి రాండి అన్నడు. బండి వస్తదని గీడికి తెచ్చి కూసున్నం. లేకుంటే డోలి కట్టి మేమే దవాఖానకు మోసుకపోతుంటిమి."

"ఎప్పుడు పోయిండమ్మా?"

"పొద్దు నడినెత్తి దాటినంక. జీపొచ్చిందా, జీపొచ్చిందా అన్నడు. గంతే." సంత్రీ వైపు చూసింది. "గా సారు మంచోడు. మన తీరుగనే మాట్లాడిండు."

"ఏమంటోంది ఉస్తాద్?" అన్నాడు సంత్రీ.

"నువ్వు మంచివాడివంటోంది."

అంతవరకే చెప్పాను. మిగతాది మర్నాడు చెప్పాను. ఆ తర్వాత అతను ఒక్క తెలుగు మాట నోట రానివ్వలేదు. తప్పు అతనిది కాదు. నాది. ఆ యాస అంత బాగా నేర్పకపోయి ఉంటే, వీడికి మన మాట రాదని ఆమె చూడగానే కనిపెట్టేది.

జిరాక్స్ కాపీలు పంచలేదు. నోట్‌బుక్కు మొదటి పేజీ చింపి కొత్తది అంటించాను. 'నాకు తెలుగు రాదు. జర ఆగుండ్రి, తెలిసినోన్ని పిలుస్త.' ఇది నోటికి వచ్చాకే రెండో పాఠం. ఇంత చిన్న మాట ముందే ఎందుకు రాయలేదని ఎన్నిసార్లు నన్ను నేను తిట్టుకున్నానో.

సెప్టెంబర్‌లో మా కంపెనీని మార్చారు. సెలవు మీద వనపర్తి మీదుగా బస్సులో ఇంటికి వచ్చాను. మరో రెండేళ్లకు ఉద్యోగం కూడా అయిపోయింది. "నల్లమలల ఏం జేసినవన్నా? కాల్పులు గిట్ల అయినయా?" అని ఇప్పటికీ అడుగుతారు. తెలుగు నేర్పానంటే నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అంతకన్నా చెప్పే ఓపిక లేదు.

వాళ్లకు చెప్పనిది ఆ బాట సంగతి. తారు రోడ్డు నుంచి ఆ చెట్టు దాకా నూరు గజాలుంటుంది. నల్లమలలో రాళ్లు లేని బాట ఉండదు. ఆ నూరు గజాల్లో ఒక్క రాయి లేదు. ఏరిన రాళ్లన్నీ రెండు పక్కలా వరసగా ఉన్నాయి, అడుగున అంటిన ఎర్రమట్టితో సహా. మధ్యలో బాటను కొమ్మతో ఊడ్చిన గీతలు. దెబ్బలతో ఉన్న మనిషిని జీపు కుదపకూడదని, మేం వస్తామని నమ్మి, ఆమె క్యాంపు నుంచి తిరిగొచ్చాక చేసిన పని అది. మా జీపు లోపలికి పోయేటప్పుడు ఎక్కడా కుదుపు లేదు.