పెళ్లికొచ్చిన చుట్టం సంతకం

నేను పెట్టిన ఒక్క సంతకంతో మా ఇంటి యజమాని కౌన్సిలర్ కాకుండా పోయాడు, నా కాపురం వీధిన పడబోయింది. ఇంత ఘనకార్యం చేసినవాడికి అప్పటికి ఇరవై మూడేళ్లు. తనంత తెలివైనవాడు అనకాపల్లిలో ఇంకొకడు లేడని వాడి నమ్మకం. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అరవైల్లో మాట. బెల్లం కొట్టులో కొత్తగా గుమస్తాగా చేరాను. పెళ్లయి ఆరు నెలలైనా, "ఇల్లు దొరికితే గానీ పిల్లని పంపను" అని మామగారు ఎస్. రాయవరంలో భీష్మించుకు కూర్చున్నారు. చెప్పులరిగేలా తిరిగితే, అప్పలనాయుడు గారి పెంకుటింట్లో ఒక గది దొరికింది. పక్క వాటాలో దర్జీ ఖాదర్ భాయ్, వెనక మరో రెండు కుటుంబాలు.

తాళం చేతిలో పెడుతూ నాయుడుగారు షరతు చెప్పారు.

"ఒరే అబ్బాయ్, కాగితాలట్టుకుని ఎవడొచ్చినా నువ్వు మా సుట్టానివి. అద్దె మాట ఎత్తేవో, ఇంటిపన్ను పెరిగిపోతాది. అది పెరిగితే నీ అద్దె పెరుగుతాది. కాదంటే గది ఖాళీ సేసెయ్!"

అంతే, నాకు అనుమానం జబ్బు పట్టుకుంది. పోస్టుమేన్‌ని కూడా "నిన్నెవరు పంపారు?" అని అడిగేవాణ్ణి.

ఒక ఆదివారం అందరూ మాట్నీకి వెళ్లారు. నాయుడుగారు చెరకు తోటకి పోయారు. ఇంట్లో నేనొక్కణ్ణే ఉండగా గొడుగు పట్టుకుని, కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి, చంకలో లావాటి పుస్తకంతో దిగాడు.

"బాబూ, నాను బడిపంతుల్ని. ఓటర్ల జాబితా రాత్తన్నాను. ఈ ఇంట్లో ఎవరెవరుంటారు?"

పంతులట! ఓటర్లట! పన్నువాడు నేను పన్నువాణ్ణని చెప్పుకుని వస్తాడా, మీరే చెప్పండి.

"ఇంటాయనా, ఆయన ఇల్లాలూ. అంతే."

ఆయన దండెం వైపు చూశాడు. "మరి ఈ సీరలూ లుంగీలూ ఎవరివి?"

"పెళ్లికొచ్చిన చుట్టాలవి."

"ఆ కుట్టుమిషనో?"

"పెళ్లిబట్టలు కుడుతున్నారు."

"నాలుగు పొయ్యిలున్నాయేటి బాబూ?"

"పెద్ద పెళ్లండీ."

"మరి నువ్వో?"

"నేనూ చుట్టాన్నే. రేపు నక్కపల్లి వెళ్లిపోతాను."

"ఉన్న ఊళ్లో ఓటుండాలి కదా..."

"నా ఓటు మీద మీకెందుకండీ అంత ప్రేమ?" అని నిలదీశాను. ఆయన నిట్టూర్చి, చెప్పిందంతా రాసుకుని సంతకం పెట్టమన్నాడు. పేరు కింద రెండు గీతలు కూడా గీసి మరీ పెట్టాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. గొప్పవాళ్లు చేసిన మేలు చెప్పుకోరు కదా!

కొన్నాళ్లకి మునిసిపల్ ఎలక్షన్లొచ్చాయి. మా వార్డుకి నిలబడిందెవరు? మా నాయుడుగారే! వీధి చివర కుళాయి వేయిస్తానని ఇంటింటికీ తిరిగారు. "నా ఇంట్లోనే పదకొండు అద్దె ఓట్లున్నాయిరా, మనకి బయమేటి!" అని నా వీపు తట్టారు.

ఓట్ల రోజున కొత్త టోపీ పెట్టుకుని వెళ్లిన ఖాదర్ భాయ్ మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. "నా పేరు లేదంట భాయ్! ఈ వీధిలో అందరి చొక్కాలూ కుట్టింది నేను. ఆ నేనే లేనంట!" మా వాటాల్లో ఒక్కరి పేరూ లేదు.

నాయుడుగారు ఏడు ఓట్లతో ఓడిపోయారు.

"ఇది కుట్ర బాబూ! అవతలివాడు డబ్బిచ్చి మా పేర్లు కొట్టించేశాడు! ఆ ఓటర్ల జాబితా పుస్తకం బయటికి తీయించండి!" అని అందరికన్నా గట్టిగా అరిచింది ఎవరో చెప్పక్కర్లేదు.

నాలుగో రోజున నాయుడుగారు పుస్తకాన్నీ, అది రాసిన మనిషినీ ఇంటికే తీసుకొచ్చారు. చూడగానే ఎగిరి గంతేశాను.

"వీడేనండీ! ఆ రోజు ఓట్ల పేరు చెప్పి వచ్చిన పన్నువాడు!"

పంతులుగారు పుస్తకం తెరిచారు. రెండు గీతల సంతకం చక్కగా కనబడింది. సరిగ్గా అప్పుడే వీధిలో జట్కా ఆగింది. మామగారికి ఇన్నాళ్లకి మంచిరోజు దొరికింది, ట్రంకుపెట్టెతో మా ఆవిడ దిగింది!

నాయుడుగారు నా వైపు తిరిగారు. "పెళ్లి సుట్టానివి. రేపే ఎలిపోతానని రాయించేవు. ఆ రేపు ఇయ్యాలే. బయల్దేరు!"

"ఎవరి పెళ్లి?" అంది మా ఆవిడ, కళ్లు చిన్నవి చేసి.

ఖాదర్ భాయ్ అడ్డం వచ్చాడు. "నాయుడుగారూ, కోప్పడకండి. చుట్టాలమని చెప్పమన్నది మీరే కదా!"

సంగతంతా ఖాదర్ భాయ్ చెప్పగా విని, మా ఆవిడ పెట్టె అరుగు మీద పెట్టింది.

"మా ఆయనకి తెలివి తక్కువ బాబూ. మా పేర్లు రాయించండి. వచ్చే ఎలచ్చన్లకి మా ఇద్దరి ఓట్లూ మీకే."

నాయుడుగారు మీసం దువ్వుకున్నారు. "నువ్వుండమ్మా. నీ పేరు నాను రాయిత్తాను. పెళ్లికొచ్చినోడే ఎల్లాల."

ఆవిడ బతిమాలితే నన్నూ ఉండనిచ్చారు. కాగితాలు పట్టుకొచ్చిన మనిషితో ఇక జన్మలో అబద్ధమాడనని గడప మీద నిలబడి ఒట్టేశాను. మర్నాడే ఒకాయన పుస్తకంతో వచ్చాడు. నాలుగు వాటాల పేర్లూ, వయసులూ, ఎవరి అద్దె ఎంతో కూడా పూసగుచ్చినట్టు చెప్పేశాను.

ఆయన నిజంగానే ఇంటిపన్ను ఆయన.

అందుకని అనకాపల్లి బెల్లం సాక్షిగా ఇంకో ఒట్టు వేశాను, ఇప్పటికీ దాటలేదు. గుమ్మంలో ఎవరు నిలబడినా మా ఆవిణ్ణి పిలుస్తాను తప్ప నోరు విప్పను.