ఆమె నోట పలికిన ‘ట’

దయ్యాల కథలు చెబితే నవ్వే మనిషిని నేను. పదహారేళ్ల నర్సు ఉద్యోగంలో ఎన్నో మరణాలు చూశాను. ఎప్పుడూ ఏదీ కనిపించలేదు, వినిపించలేదు.

మాది వరంగల్. ఇప్పుడు బ్రెమెన్‌లో ఒక ఆసుపత్రిలో పని. పోయిన చలికాలం మా వార్డుకు అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన ఒక హజారా తెగ వృద్ధురాలిని తెచ్చారు. హజారాల భాష పర్షియన్‌లోనే ఒక యాస. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టడంతో ఆమెకు మాట రాదు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కళ్లు మూసేది. యాభై ఏళ్ల కొడుకు రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం గాలి కోసం కిటికీ తెరుస్తున్నాను. వెనక నుంచి ఆడగొంతు స్పష్టంగా వినిపించింది. “బూట్ రా మ దాదుమ్. తు న గిరిఫ్తి.”

తిరిగి చూశాను. గదిలో మేమిద్దరమే. తలుపు వేసి ఉంది, టీవీ ఆపి ఉంది. గొట్టం పరీక్షించాను. అంతా సరిగ్గానే ఉంది. అలా ఉన్నప్పుడు గొంతు పెగలడం అసాధ్యం.

మరిచిపోకుండా చీటీ మీద తెలుగులో రాసుకున్నాను. జర్మన్ అక్షరాల్లో ట, త రెండూ ఒకటే. నేను విన్నదాంట్లో రెండూ వేరువేరుగా ఉన్నాయి.

సాయంత్రం కొడుక్కి చదివి వినిపించాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

“ఎక్కడ నేర్చుకున్నారు సిస్టర్? ఆ ‘ట’ మా లోయలో ముసలివాళ్లే అలా పలుకుతారు.”

అర్థం అడిగాను. “బూట్లు నేనే ఇచ్చాను. నీ అంతట నువ్వు తీసుకోలేదు.”

చిన్నప్పుడు మంచులో కొండ దాటి పారిపోతుంటే అన్నదమ్ములిద్దరికీ ఒకే జత బూట్లట. అవి ఈయన కాళ్లకున్నాయి. తమ్ముడు దారిలోనే చనిపోయాడు. తనే లాక్కున్నానని ఇన్నేళ్లూ అనుకుంటున్నాడు. భార్యకు కూడా చెప్పలేదు.

వంగి తల్లిని ఏదో అడిగాడు. ఆయన నోట ‘బూట్’ అన్న మాట ‘బూత్’ అన్నట్టు వినిపించింది. ఇరాన్‌లో పెరగడంతో ఆ ‘ట’ పోయిందట. తల్లి ఒకసారి కళ్లు మూసింది. ఆయన ఆమె చేతిని మొహానికి ఆనించుకుని ఏడ్చాడు.

మా ఆయనకు చెబితే, “నిద్ర సాలక గట్ల ఇనపడ్డది నీకు” అన్నాడు. కావచ్చు. కానీ నాకు ఒక్క ముక్క కూడా రాని భాష అది.

తొమ్మిది రోజులకు ఆమె పోయింది. సామాన్లు తీసుకెళ్తూ కొడుకు తలుపు దగ్గర ఆగాడు.

“ఆ రోజు అమ్మ కోపంగా అందా?”

“లేదు. పిల్లాడిని అన్నానికి పిలిచినట్టు అంది” అన్నాను.

తల ఊపి వెళ్లిపోయాడు. ఆ గొంతు ఎలా వచ్చిందో అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను.