మెయిల్‌కు రాహుకాలం

నేను పనిచేసేది బేతంచెర్ల దగ్గర, నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే ఒక ఫ్యాక్టరీలో. లెక్కలు చూడటం నా పని. పదో తరగతితో చదువు ఆగిపోయింది. చదరపు అడుగులు, జీఎస్టీ, కంప్యూటరు, అన్నీ పనిలో పడ్డాకే నేర్చుకున్నాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు గనక, ఏదీ ఒకసారి చేసి నమ్మను. పైనుంచి కూడిన అంకెలను మళ్ళీ కిందినుంచి కూడతాను. ఆఫీసుకు తాళం వేసి, నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి లాగి చూస్తాను.

ఆ ఏడు మా చుట్టుపక్కల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. అందరూ టైల్స్ వేసుకుంటున్నారు, బండలు అడిగేవాళ్ళు తగ్గారు. మా మిషన్లు కూడా వారంలో సగం రోజులే తిరిగేవి. అలాంటి రోజుల్లో బెంగళూరు కాంట్రాక్టరు ఒకాయన, తాను కడుతున్న కాలేజీ వరండాలన్నిటికీ మా బండలే వేస్తానన్నాడు. కొలతలు శనివారం మెయిల్లో పంపుతాననీ, అందినట్టు అదే రోజు జవాబు రాకపోతే టైల్స్ చూసుకుంటాననీ చెప్పాడు. ఫోన్ పెట్టేసేముందు ఒక మాట అడిగాడు.

"మీ ఫ్యాక్టరీ నడుస్తోంది కదమ్మా? మొన్న ఒకరికి అడ్వాన్సు ఇచ్చి వచ్చి చూస్తే గేటుకు తాళం ఉంది."

నడుస్తోందని చెప్పాను. అయితే మా మెయిలే సరిగా నడవడం లేదు. ఎప్పుడో ఒక చిన్న కంపెనీ దగ్గర తీసుకున్నది. ఊరికే నిండిపోయేది. కొందరు పంపినవి మాకు అందేవే కావు. అందుకే పెద్ద కంపెనీ నడిపే మెయిల్ సర్వీసుకు మారదామని నేనే యజమాని వెంటపడ్డాను. అడ్రసు మాదే ఉంటుంది, ఉత్తరాలు దాచి కాపాడే పని వాళ్ళు చూసుకుంటారు. కర్నూలులో కంప్యూటర్ల షాపు నడిపే ఆయన మార్చి పెడతానన్నాడు. పాత ఉత్తరాలన్నీ నా కంప్యూటర్లోకి దించుకుని, అక్కడి సంఖ్యా ఇక్కడి సంఖ్యా ఒకటయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు.

పెద్ద ఆర్డరు కొత్త మెయిల్లోకే రావాలని, ముందురోజు శుక్రవారం మార్చమన్నాడు మా యజమాని. "రాహుకాలం రాకముందే పాతది మూసేయించు. పోయినాక కొత్తది తెరుద్దాం."

"రెండూ కొన్ని దినాలు ఉండనీమంటాండాడన్నా షాపాయన."

"ఇద్దరు మేస్త్రీలుండే ఫ్యాక్టరీ యాడన్నా నడిచిందామ్మా? మూసేయమను."

శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు దాకా. పదింటికల్లా షాపాయన పాత మెయిల్ మూసేశాడు. పదకొండు కాకముందే కాంట్రాక్టరు నుంచి ఫోన్ వచ్చింది. వెనక ఏదో మైకు అరుస్తోంది.

"రేపటిదాకా ఆగలేనమ్మా. కొలతలు ఇప్పుడే మా ఆఫీసునుంచి పంపిస్తున్నారు. నేను ఢిల్లీ విమానం ఎక్కుతున్నా. దిగాక మీ జవాబు చూస్తా."

"సార్, ఒక్క నిమిషం..." అనేలోపు పెట్టేశాడు. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్. వాళ్ళ ఆఫీసు నంబరు మా దగ్గర లేదు.

వెంటనే కర్నూలుకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఎవరైనా మాకు మెయిల్ పంపితే ఏమవుతుందని అడిగాను.

"తిరిగి పోతాదక్కా. ఇట్లాంటి అడ్రసే ల్యాదని వాళ్ళకు జవాబు పోతాది."

మెయిల్ పెట్టె నిండిందనో, కాసేపాగి పంపమనో కాదు. అడ్రసే లేదని. తాళం వేసిన గేటు చూసి వచ్చిన మనిషికి, మా పేరు మీద, మేమే పంపినట్టుగా వెళ్ళే జవాబు అది. కిటికీలోంచి చూస్తే పక్క ఫ్యాక్టరీ కనిపిస్తుంది. గేటు ముందు జిల్లేడు మొక్కలు గేటంత ఎత్తు పెరిగాయి. అందులో లెక్కలు రాసిన ఆమె ఇప్పుడు కర్నూలులో చీరల షాపులో నిలబడి పనిచేస్తోంది. పోయిన నెల కనిపిస్తే కాళ్ళు వాచాయని చూపించింది.

యజమాని గదిలోకి వెళ్ళి సంగతంతా చెప్పాను. కొత్తది ఇప్పుడే తెరిపిద్దామన్నాను.

"రాహుకాలంలోనా? ఏం మాట్లాడతాండావమ్మా!" ఆయనకూ భయమే. కానీ ఆయన భయం రెండువైపులా ఉంది. "ఉన్న ఫ్యాక్టరీ గూడా పోవాలనా? పన్నెండు దాకా ఆగు."

"అంతలోపల మెయిలొస్తే?"

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. నేనూ చూశాను. ముల్లు కదలడం లేదనిపించి, నా చేతి గడియారంతో సరిచూసుకున్నాను.

అప్పుడే మేస్త్రి ఒళ్ళంతా రాతి పొడితో తలుపు దగ్గరికి వచ్చాడు. "అన్నా, రంపం బ్లేడు మొద్దుబారింది. కొత్తది బిగిస్తాం."

"ఇప్పుడొద్దప్పా, రాహుకాలం. అంతదాకా పాతదాంతోనే కొయ్యండి."

"పాతది కొయ్యదన్నా, గీకుతాది."

"గీకనీలే. పని ఆగకుంటే సాలు."

మేస్త్రి గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నేను మాత్రం కదల్లేదు.

"అన్నా, మెయిల్ గూడా పాతదాంతోనే గీకుదామా?"

ఆయనకు అర్థం కాలేదు.

"కొత్తది ముట్టుకోం. పొద్దున మూసిందాన్ని మళ్ళా తెరిపిస్తాం. అది ఎప్పుడో మీ నాయనుండంగా మొదలుపెట్టిందే కదా. ఇప్పుడు మొదలుపెట్టేదేం ల్యా."

"లాయరువు కావాల్సిందిమ్మా నువ్వు," అని చెయ్యి ఊపాడు. "తెరిపించు పో."

షాపాయన విసుక్కున్నాడు. "మూయమంటిరి, మూస్తి. ఇప్పుడు తెరవమంటాండారు. ఇదేమన్నా టీ కొట్టు షట్టరా అక్కా?" అంటూనే పాత మెయిల్ మళ్ళీ తెరిచాడు. నా సొంత ఫోన్ నుంచి ఆఫీసు అడ్రసుకు ఒక్క మాట పంపాను: "ఉండాదా?" అది కంప్యూటర్లో కనిపించేదాకా తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు. కనిపించింది.

కానీ ఈలోపే కొలతలు వచ్చి తిరిగిపోయి ఉంటే? అది తెలుసుకునే దారి లేదు. తిరిగిపోయినవాటి జాడ మా వైపు మిగలదు. అన్నం డబ్బా తెరవలేదు. అంకె అంకెకీ సరిచూసుకునే నాకు, అసలు లేనిదాన్ని ఎలా సరిచూడాలో తెలియలేదు. పన్నెండు దాటింది. బయట కొత్త బ్లేడు బిగించారు, రంపం గొంతు మారింది. ఇక కొత్త మెయిల్ తెరుద్దామా అని యజమాని అడిగితే, ఈరోజు దేన్నీ ముట్టుకోవద్దని నేనే అన్నాను.

మూడు దాటాక మెయిల్ వచ్చింది. కొలతల కాగితానికి పైన వాళ్ళ ఆఫీసు గుమాస్తా రాశాడు. పొద్దున పంపింది అడ్రసు లేదని తిరిగొచ్చింది, తానే తప్పు టైపు చేశానేమోనని మళ్ళీ పంపుతున్నాడు, ఇంతకీ ఫ్యాక్టరీ నడుస్తోందో లేదో సార్‌కు చెప్పాలి.

కొలతలు పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి కూడి, అందినట్టు జవాబు రాశాను. నడుస్తోందని రాయబోయి ఆగాను. ఆ మాట తాళం వేసిన గేటువాళ్ళూ రాసే ఉంటారు. యజమాని తన ఫోన్ తీసుకుని రంపం దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళు చిమ్ముతూ బ్లేడు రాయిలోకి దిగడం, మేస్త్రి తల తిప్పి "పక్కకు జరుగన్నా, తడుస్తావు!" అని అరవడం, అంతా వీడియో తీశాడు. దాన్నే జతచేసి పంపాం.

సాయంత్రం కాంట్రాక్టరు నుంచి చిన్న జవాబు వచ్చింది: "చప్పుడు విన్నాను. మొదలుపెట్టండి."

తర్వాతి వారం కొత్త సర్వీసు తెరిచాం, పాతదాన్ని మూయకుండానే. ఇద్దరు మేస్త్రీల మాట యజమాని మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు అన్నీ సరిగానే అందుతున్నాయి. అయినా రోజూ ఉదయం ఆఫీసు తలుపు తీయగానే నా ఫోన్ నుంచి "ఉండాదా?" అన్న ఆ ఒక్క మాట పంపుతాను. ఒక్కోరోజు రావడం కాస్త ఆలస్యమవుతుంది. అప్పుడు పక్క ఫ్యాక్టరీ వైపు చూడను. రంపం మొదలయ్యే చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంటాను.